సమాధి గోడ మీద సాండ్‌విచ్‌లు

ఈజిప్టు సమాధుల గురించి చదవడానికి ఐర్లాండు ఎందుకు వెళ్ళావని అడగని చుట్టం మాకు లేడు. సీటు అక్కడ వచ్చింది, వెళ్ళాను. అంతకంటే గొప్ప కారణం ఉంటే బాగుండేది గానీ లేదు. మెయ్‌నూత్‌లో ప్రాచీన చరిత్ర ఎమ్మే. నా థీసిస్ సమాధి గోడల మీది బొమ్మల గురించి, అందులోనూ ఒకే ఒక్క రకం బొమ్మ గురించి. చనిపోయిన మనిషి కుర్చీలో కూర్చుని ఉంటాడు, ఎదురుగా బల్ల, బల్ల నిండా తిండి. వేల ఏళ్ళపాటు ఆ దేశం వాళ్ళు అదే బొమ్మ మళ్ళీ మళ్ళీ వేశారు. నాకు చిన్నప్పటినుంచీ తిండి మీద ధ్యాస ఎక్కువ. బహుశా అందుకే అది ఎంచుకున్నానేమో.

వేసవిలో ఈజిప్టు వెళ్ళి నాలుగు సమాధులు కళ్ళారా చూసి రావాలనుకున్నాను. మార్చిలో కరోనాతో కాలేజీ మూసేశారు, లైబ్రరీ మూసేశారు, డబ్లిన్‌లో మ్యూజియం మూసేశారు. నాతోపాటు అద్దెకున్న అమ్మాయిలిద్దరూ దొరికిన ఆఖరి విమానాలు పట్టుకుని వాళ్ళ దేశాలకు వెళ్ళిపోయారు. టికెట్ కొనాలా వద్దా అని నేను ఊగిసలాడుతుండగానే మన దేశం విమానాలు ఆపేసింది. పై అంతస్తులో మూడు గదులకీ నేనొక్కదాన్నే మిగిలాను.

కింద ఇంటావిడా, ఆవిడ భర్తా ఉండేవారు. ఆవిడకు డెబ్బై దాటాయి. పిల్లలు లేరు. వెళ్ళిన మొదటి వారం అలవాటు కొద్దీ ఆవిణ్ణి "ఆంటీ" అన్నాను. "నేనెవరికి ఆంటీని?" అని పెద్దగా నవ్వి, పేరు పెట్టి పిలవమంది. అమ్మమ్మ వయసు మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. అప్పట్నుంచి ఏమీ పిలవకుండానే నెట్టుకొచ్చాను. ఎదురుపడేదాకా ఆగి అప్పుడు మాట్లాడేదాన్ని.

ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. పెద్ద ముక్కు, చిన్న మాట. లాక్‌డౌన్ మొదలైన కొత్తలో పెరట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. అంబులెన్సు వచ్చింది. ఆవిడ కోటు వేసుకుని బయల్దేరబోతే, ముసుగులేసుకున్న కుర్రాళ్ళు మర్యాదగానే వద్దన్నారు. ఆసుపత్రిలోకి ఎవరినీ రానివ్వడం లేదట. స్ట్రెచర్ మీదనుంచి ఆయన "గ్రాండ్, గ్రాండ్" అన్నాడు, అంటే బాగానే ఉన్నానని. ఆ దేశంలో కాలు విరిగినా, కొంప మునిగినా అంతా గ్రాండే. తుంటికి ఆపరేషన్ చేశారు, ఆ తర్వాత జ్వరం పట్టుకుంది. ఒక నర్సు ఫోన్ పట్టుకుంటే ఆవిడ ఆయనతో ఒకసారి మాట్లాడింది. మళ్ళీ మాట్లాడేలోపే ఆయన పోయాడు.

అక్కడ మనిషి పోతే ఇంటికి తెచ్చి, పెట్టె మూత తీసి హాల్లో ఉంచుతారు. తెల్లవార్లూ ఊరంతా వచ్చి కూర్చుంటుంది. టీలు, సాండ్‌విచ్‌లు, కబుర్లు, నవ్వులు కూడా. పాతిపెట్టే దాకా ఆ మనిషిని ఒక్క నిమిషం ఒంటరిగా వదలరు. ఆయన విషయంలో అదేమీ లేదు. ఆసుపత్రి నుంచి పెట్టెకి మేకులు కొట్టే తెచ్చారు. చర్చిలోకి పదిమందికి మించి వెళ్ళకూడదు. వీధిలో వాళ్ళు మాత్రం ఎవరి గేటు ముందు వాళ్ళు నిలబడి, కారు వెళ్తుంటే తలలు వంచారు. నేను పై గదిలో కూర్చుని, చర్చి కెమెరాలో చూశాను. మొదటి వరసలో ఆవిడ ఒక్కతే, అటూ ఇటూ ఖాళీ బెంచీ.

ఆ రోజు పొద్దున్నే లేచి ఆవిడ సాండ్‌విచ్‌లు చేసింది. హామ్‌వి కొన్ని, గుడ్డువి కొన్ని, అంచులు కోసి, ముక్కోణాలుగా, పెద్ద ట్రే నిండా. ఎవరూ రారని ఆవిడకు తెలుసు. అయినా చేతులు ఊరుకోలేదు. చర్చి నుంచి వచ్చాక ట్రే వంక చూసి, "తిను," అంది నాతో. నేను పందిమాంసం తినను కాబట్టి గుడ్డువి తిన్నాను. ఆ వారమంతా గుడ్డు సాండ్‌విచ్‌లే. ఎండిపోయి అంచులు పైకి లేచినా పారెయ్యనివ్వలేదు.

ఆ తర్వాత ఇల్లు నిశ్శబ్దమైపోయింది. డెబ్బై దాటినవాళ్ళు గడప దాటొద్దన్నారు కాబట్టి సరుకులు నేను తెచ్చేదాన్ని. బజారుకి తిరిగే మనిషిని కాబట్టి ఆవిడకు దూరంగా మసిలేదాన్ని. వంటింట్లో పొద్దున ఆవిడ వంతు, మధ్యాహ్నం నా వంతు. నేను సంచి మెట్టు మీద పెట్టి తలుపు తట్టి వెనక్కి జరిగితే, ఆవిడ అద్దం తలుపు అవతలినుంచి చెయ్యి ఊపేది. కాలవ గట్టు మీద రెండు కిలోమీటర్లు నడిచి వెనక్కి తిరిగేదాన్ని. అంతకుమించి వెళ్తే గార్డులు, అంటే అక్కడి పోలీసులు, ఆపి అడుగుతారు. కొన్నాళ్ళకి కెటిల్‌తో మాట్లాడ్డం మొదలుపెట్టాను. అది మరిగి టక్కుమంటే "వస్తున్నా" అనేదాన్ని. ఆ వసంతకాలంలో నేను చాలా ఒంటరిగా ఉన్నాను. దీన్ని ఇంతకంటే అందంగా చెప్పడం నాకు చేతకాదు, చెప్పాలనీ లేదు.

తెలుగులో మాట్లాడ్డానికి ఒక్క అక్క ఉండేది. లెటర్‌కెన్నీలో ఆసుపత్రి డాక్టరు, కరీంనగర్ మనిషి. ఒకసారి డబ్లిన్‌లో బతుకమ్మ ఆటకి కలిశాం, ఆ తర్వాత అంతా ఫోనులోనే. డ్యూటీ దిగి కారులో కూర్చుని చేసేది.

"ఏమ్మా, సచ్చినోళ్ళ సదువు ఎంతదాక వచ్చింది?"

"ఆగిపోయిందక్కా. మ్యూజియాలే మూసేశారు కదండీ, ఏం చూసి రాయను?"

"ఓసారి అక్క అంటవ్, ఓసారి అండీ అంటవ్. ఏదో ఒక్కటి ఫిక్స్ చెయ్యి. చూసుడు కాకపోతే ఏసుడు మొదలువెట్టు. ఇంట్లనే ఉన్నవ్ గద."

అక్క ఏదో మాటవరసకి అంది. నన్ను మాత్రం ఆ మాట పట్టుకుంది. సమాధి చూడలేకపోతే పోనీ, ఆ పాతకాలపు పద్ధతిలో ఒక్క బొమ్మ వేసి చూస్తే, వాళ్ళ చేతులకి ఏం తెలుసో కొంచెమైనా తెలుస్తుంది. నాకు బొమ్మలు రావు. కానీ వాళ్ళ పద్ధతి బొమ్మలు రాని నాబోటి వాళ్ళకోసమే పుట్టిందా అనిపిస్తుంది. ముందు రాతి గోడకి గడ్డి కలిపిన మట్టి పూస్తారు. దాని మీద పల్చగా జిప్సం. ఆరాక ఎర్ర రంగులో ముంచిన తాడు రెండువైపులా బిగించి పట్టుకుని, మధ్యలో లాగి వదుల్తారు. మన మేస్త్రీలు గోడ మీద గీత కొట్టినట్టే. అలా గోడంతా గళ్ళు పడతాయి. నిలబడ్డ మనిషికి అరికాలి నుంచి నుదుటి దాకా పద్దెనిమిది గళ్ళు, కూర్చున్న మనిషికి పద్నాలుగు. మోకాలు ఎక్కడ రావాలో, భుజం ఎక్కడ రావాలో గడే చెప్తుంది. ఎర్ర గీతతో చిత్తు బొమ్మ వేస్తే, పెద్ద పనివాడు వచ్చి నల్ల గీతతో తప్పులు దిద్దుతాడు. ఆ తర్వాత రంగులు నింపి, చివర్న అంచు గీస్తారు.

పెరటి షెడ్డులో ఇంటాయన ఎప్పుడో తెచ్చిపెట్టుకున్న జిప్సం బోర్డు ముక్క ఒకటి ఉంది, తలుపంత పెద్దది. తీసుకోమంది ఇంటావిడ. రంగుల్లో ఎర్రటి జాజు, పసుపుమన్ను, తుమ్మ జిగురు పోస్టులో తెప్పించుకున్నాను. నలుపు వాళ్ళు మసితో చేసేవాళ్ళు కాబట్టి, నేనూ అమ్మమ్మ కాటుక పట్టినట్టు కొవ్వొత్తి మీద స్టీలు పళ్ళెం బోర్లించాను. రెండు నిమిషాల్లో ఇంట్లో పొగ అలారం గోల పెట్టింది. ఆవిడ పరుగెత్తుకొచ్చి, పళ్ళేనికి పట్టిన మసిని నేను చెంచాతో గోకుతుండటం చూసింది. కొంప తగలబెట్టడం లేదని నమ్మించడానికి మొత్తం కథ చెప్పాల్సి వచ్చింది.

"తాడుకి రెండో కొస ఎవరు పట్టుకుంటారు?" అంది ఆవిడ, అంతా విన్నాక.

నేనా సంగతి ఆలోచించనే లేదు. గీత కొట్టాలంటే ఇద్దరు మనుషులు కావాలి. మర్నాడు షెడ్డు తలుపులు బార్లా తెరిచి, తాడు పొడుగ్గా తీసుకుని, ఆవిడ ఆ చివర, నేను ఈ చివర నిలబడ్డాం. మధ్యలో బోర్డు. నేను ఒక పొడుగాటి పుల్ల కొక్కెంతో తాడుని లాగి వదిలితే ఎర్రటి గీత పడింది. ఆవిడ "హా!" అంది. నాకూ నవ్వొచ్చింది. గళ్ళన్నీ పడేసరికి ఇద్దరి చేతులూ జాజు రంగయ్యాయి. ఆయన పోయాక ఆవిడ నవ్వడం అదే మొదలు.

అప్పట్నుంచి రోజూ షెడ్డు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేది. నా దగ్గర అచ్చులో ఉన్న సమాధి బొమ్మలు దూరంనుంచే చూసేది. ఆవిడ ప్రశ్నలకి అంతు లేదు. ముఖం పక్కకి తిప్పి, కన్ను మాత్రం ఎదురుగా ఎందుకు? ముక్కు పక్కనుంచి బాగా తెలుస్తుంది, కన్ను ఎదురుగా బాగా తెలుస్తుంది, ఏది ఎలా బాగా తెలిస్తే అలా వేస్తారు. గిన్నెలు ఒకదాని మీద ఒకటి గాల్లో వేలాడుతున్నాయెందుకు? ఒకదాని వెనక ఒకటి పెడితే వెనకది కనిపించదు, కనిపించనిది చనిపోయిన మనిషికి అందదు. రొట్టె ముక్కలు బల్ల మీద నిలువుగా నిలబడ్డాయేం? పడుకోబెడితే అవి రొట్టెలని ఎలా తెలుస్తుంది?

"అందదు అంటే?" అంది ఆవిడ.

గోడ మీద వేసింది అలంకారం కాదని చెప్పాను. కొన్నాళ్ళపాటు బంధువులు సమాధికి తిండి తెస్తారు, ఆ తర్వాత మానేస్తారు. ఎవరూ రాని రోజు కోసమే ఆ బొమ్మ. వేసిన రొట్టె రొట్టే, వేసిన నీళ్ళు నీళ్ళే. తామరపువ్వు పొద్దున్నే మళ్ళీ విచ్చుకుంటుంది కాబట్టి చనిపోయిన మనిషి ముక్కు దగ్గర పెడతారు, మళ్ళీ ఊపిరి పీల్చమని. ఎక్కడైనా పాము బొమ్మ వేయాల్సి వస్తే, లేచి కరుస్తుందేమోనని దాన్ని రెండు ముక్కలుగా వేసిన గోడలు కూడా ఉన్నాయి. వేసిందంతా అక్కడ ఎప్పటికీ ఉంటుంది, వెయ్యనిది ఉండదు. పరీక్షకి చదివినట్టు గడగడా చెప్పేసి, ఆవిడ వైపు చూశాను. ఆవిడ తన జాజు చేతుల్నే చూసుకుంటోంది.

రెండు రోజులు షెడ్డుకి రాలేదు. మూడో రోజు వచ్చి, గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"మా ఆయనకి వేస్తావా? నీ ఈజిప్టు రాజుగారెవరికో బదులు. ఆయనకి ఎవరూ రాలేదు కదా. ఒక్క కప్పు టీ కూడా ఎవరూ తాగలేదు."

వేస్తానన్నాను. వెయ్యనని ఎలా అంటాను. అక్కడ మనిషి పోయిన నెలకి చర్చిలో ఆ పేరున పూజ చేయిస్తారు, మన మాసికం లాంటిదే. అది కూడా ఈసారి కెమెరాలోనే. ఆ సాయంత్రానికి బొమ్మ సిద్ధం కావాలంది. పూజ జరుగుతుంటే దాని ముందు కూర్చుంటుందట. చావు రోజున జరగనిది ఆ రోజైనా జరగాలని ఆవిడ పట్టుదల.

ఆయనంత సమాధి బొమ్మకి సరిపోయే మనిషి దొరకడు. ఆ ముక్కు పక్కనుంచి చూడ్డానికే పుట్టింది. మగవాళ్ళకి ఎర్రమన్ను రంగు వెయ్యాలి, ఎండలో తిరిగే మనుషులని గుర్తు. "స్పెయిన్ వెళ్ళిన వారం తప్ప ఎప్పుడూ ఆయన ఆ రంగులో లేడు," అంది ఆవిడ. ఉత్త కాళ్ళు వేస్తే ఊరుకోలేదు. మేజోళ్ళు లేకుండా ఆయన మంచం దిగేవాడే కాదట. వేశాను, ఈజిప్టు వాళ్ళు క్షమిస్తారులే అనుకుని. బల్ల మీద ముక్కోణపు సాండ్‌విచ్‌లు నిలువుగా వరసపెట్టాను. వాటిమీద టీ కుండ, దానిమీద పాలగిన్నె, దానిమీద ఫ్రూట్‌కేకు, అన్నీ గాల్లో. ఏదీ దేన్నీ దాచకుండా. కుర్చీ కింద, మామూలుగా పిల్లిని వేసే చోట, ఆయన డ్యూటీకి పట్టుకెళ్ళే ఫ్లాస్కు.

ఇంక మిగిలింది ఆయన పక్కన చోటు. ఆ బొమ్మల్లో భార్య అదే కుర్చీలో కూర్చుంటుంది. పక్కన అని మనం అనుకోవాలి గానీ, గోడ మీద వెనకగా కనిపిస్తుంది. చిత్తు గీతలో ఆవిణ్ణీ అక్కడ వేశాను. అక్క ఫోన్ చేసినప్పుడు ఆ మాట చెప్పాను.

"ఆమెను గూడ ఏస్తున్నవా?" అక్క గొంతు మారింది. "ఆమె బతికే ఉన్నది గదనే."

"వాళ్ళ పద్ధతి అదేనక్కా. బతికుండగానే సమాధి కట్టించుకుని, ఇద్దర్నీ వేయించుకునేవాళ్ళు."

"వాళ్ళ సంగతి ఇడిచిపెట్టు. మనింట్ల బతికున్న మనిషి ఫోటోకి దండేస్తమా? పోయినాయన పక్కన కూసోబెట్టి దీపం ముట్టిస్తమా? నువ్వే అంటివి గద, ఏసింది నిజమైతదని. ఆమెకు డెబ్బై దాటినయ్. నేనిక్కడ రోజూ చూస్తున్న, ఎవరెప్పుడు పోతున్నరో తెలుస్తలేదు. వద్దమ్మా. నాకు మంచిగనిపిస్తలేదు."

రోజూ మాస్కు వెనకనుంచి చావుల్ని చూసి వస్తున్న డాక్టరు ఆ మాటంటే కొట్టిపారెయ్యలేకపోయాను. మా తాతయ్య పోయినప్పుడు ఇంట్లో ఉన్న ఒక్క మంచి ఫోటోలో అమ్మమ్మ పక్కనే ఉంది. దండ వేసే ఫోటోలో ఆవిడ ఉండకూడదని స్టూడియోలో ఇచ్చి తీయించారు. తాతయ్య ఒక్కడే మిగిలాడు, భుజం పక్కన అమ్మమ్మ చీర అంచు కాస్త కనిపిస్తూ. అందులో తప్పుందని ఎవరికీ తోచలేదు, అమ్మమ్మకి కూడా. అది ఆవిడ ప్రాణం కోసం చేసిన పని. నేనూ అదే చేశాను. చిత్తు గీతలో ఉన్న ఇంటావిణ్ణి జిప్సంతో పూడ్చేసి, ఆ చోట ఒక పెద్ద తామరపూల గుత్తి పెట్టాను. పూలు బాగా కుదిరాయి. ఈ ఒక్క విషయంలో ఆవిడకి మేలు చేశానన్న తృప్తితో ఆ వారం హాయిగా నిద్రపోయాను.

పూజ రోజు పొద్దున ఆవిణ్ణి షెడ్డుకి పిలిచాను. చివరి వారమంతా బొమ్మ మీద దుప్పటి కప్పి ఉంచాను. గుమ్మంలో నిలబడి, నేను దుప్పటి తీయగానే ఆవిడ మొదట నవ్వింది. ముక్కు చూసి, మేజోళ్ళు చూసి, సాండ్‌విచ్‌లు చూసి. ఆ తర్వాత కళ్ళు తామరపూల దగ్గర ఆగిపోయాయి.

"నేనెక్కడ?"

నేను మొదలుపెట్టాను. మా దేశంలో బతికున్నవాళ్ళని పోయినవాళ్ళ పక్కన పెట్టం, అది మంచిది కాదు, మీరు ఇంకా చాలా ఏళ్ళు ఉండాలి, అందుకని. నాకే నా మాటలు నీళ్ళు నములుతున్నట్టు వినిపించాయి. ఆవిడ చివరిదాకా వినలేదు.

"అంబులెన్సులో ఒక్కడే వెళ్ళాడు," అంది. గొంతు పెద్దగా లేదు, కానీ నాకు భయమేసింది. "ఆసుపత్రిలో ఒక్కడే ఉన్నాడు. పెట్టెలో ఒక్కడే వచ్చాడు. చివరికి నువ్వు కూడా ఒక్కణ్ణే కూర్చోబెట్టావు. వేసిందంతా ఎప్పటికీ ఉంటుందని చెప్పింది నువ్వే. ఎప్పటికీ ఒక్కడే కూర్చుని టీ తాగాలా ఆయన?"

"మీకేమైనా అవుతుందేమోనని..."

"నాకవ్వాల్సింది అయిపోయింది," అంది. "పువ్వులు తీసెయ్."

అమ్మమ్మ ఫోటోలోని చీర అంచు కళ్ళముందు మెదిలింది. ఆవిణ్ణి కత్తిరించేటప్పుడు ఆవిడకి కావాలా వద్దా అని ఎవరూ అడగలేదన్న సంగతి, అంత చదువు చదివి, అప్పుడే తట్టింది నాకు. సాయంత్రం ఏడింటికి పూజ. "తీసేస్తాను," అన్నాను. "ఇక్కడే కూర్చోండి."

తప్పు చేస్తే ఆ కాలపు పనివాళ్ళు ఏం చేసేవాళ్ళో నాకు తెలుసు. వాళ్ళూ చాలా తప్పులు చేశారు. గోకి, మళ్ళీ జిప్సం పూసి, ఆరాక పైన వేసేవాళ్ళు. కొన్ని గోడల మీద ఒకే మనిషికి పాత చెయ్యి ఒకటి, కొత్త చెయ్యి ఒకటి పొరల్లోంచి బయటపడుతుంటాయి. నేనూ పూలు గోకేశాను. ఎంత బాగా కుదిరాయో తలుచుకుని ఒకటి రెండుసార్లు ప్రాణం ఉసూరుమంది. తెల్లగా పూసి, ఆవిడ జుట్టు ఆరబెట్టుకునే మిషను తెచ్చి ఆరబెట్టాను. మధ్యాహ్నానికి గళ్ళు మళ్ళీ కొట్టాం. ఆవిడ తాడు గట్టిగా బిగించి పట్టుకుంది, అంతే.

ఆడవాళ్ళకి లేత పసుపు రంగు. ముఖం వేశాను, కన్ను వేశాను. ఆవిడ చర్చికి వేసుకునే నీలం కార్డిగన్ వేశాను. ఆ నీలం వాళ్ళు ఇసుక, సున్నం, రాగి కలిపి కొలిమిలో కాల్చి చేసేవాళ్ళు. నాది ట్యూబులోది. ఇంక మిగిలింది చెయ్యి. భార్య చెయ్యి భర్త వీపు వెనకనుంచి వెళ్ళి, అవతలి భుజం మీద వేళ్ళు బయటపడాలి. ఎర్ర గీతతో మూడుసార్లు వేశాను. ఒకసారి దువ్వెనలా వచ్చింది, ఒకసారి అరటిపళ్ళ హస్తంలా. ముఖానికీ, మోకాలికీ దారి చెప్పిన గళ్ళు, ఒక చెయ్యి ఒక భుజం మీద ఎలా వాలుతుందో మాత్రం చెప్పలేదు.

"చెయ్యి ఎలా పెట్టేవారు?" అని అడిగాను, అటు తిరక్కుండానే. "ఆయన భుజం మీద. ఎక్కడ ఉండేది మీ చెయ్యి?"

ఆవిడ గాల్లో చెయ్యి పెట్టి చూపించబోయింది. కుదరలేదు. కుర్చీ వీపు మీద పెట్టింది. అదీ నచ్చలేదు. మేకుకి వేలాడుతున్న ఆయన వానకోటు వైపు ఒకసారి చూసి, వద్దనుకుంది. తర్వాత లేచి, నెలన్నరగా మేమిద్దరం అంత జాగ్రత్తగా కాపాడుకొచ్చిన దూరమంతా దాటి వచ్చి, నేను కూర్చున్న బల్ల మీద నా పక్కనే కూర్చుంది. వీపు వెనకనుంచి చెయ్యి పోనిచ్చి నా అవతలి భుజం మీద వేసింది.

"ఇలా," అంది.

బరువైన చెయ్యి. సబ్బు వాసన, జాజు వాసన. చూపుడు వేలు కొంచెం ఎడంగా, మిగతా వేళ్ళు కలిసి, బొటనవేలు మెడ వైపు. వేలికి ఉంగరం వదులై, పక్కకి తిరిగి ఉంది. మార్చి నుంచీ నన్ను ఎవరూ ముట్టుకోలేదని నా భుజానికి అప్పుడే తెలిసినట్టుంది, వణకడం మొదలుపెట్టింది. ఆపుదామంటే ఆగలేదు. ఇద్దరం బొమ్మ వైపే చూస్తున్నాం.

"గీస్తున్నావా?" అంది కాసేపటికి.

"గీస్తున్నాను," అన్నాను. "కదలకండి."

కుంచె నా ఒళ్ళోనే ఉంది. కొసన జాజు ఆరిపోతోంది.